వాషింగ్ మిషన్‌కి కట్టిన దిమ్మ

మొన్న మంగళవారం మా ఇంటికి కొత్త వాషింగ్ మిషన్ వచ్చింది, ముందువైపు గుండ్రటి తలుపు తీసి బట్టలు వేసే రకం. మా ఆవిడ మోకాళ్ళు వాచిపోయి, ఇక నేలమీద కూర్చుని బట్టలుతకడానికి వీల్లేదని డాక్టరుగారు గట్టిగా చెప్పాక, పద్ధెనిమిదేళ్ళుగా మిషన్ మాటెత్తితే వద్దంటూ వచ్చిన మనిషి చివరికి సరేనంది. కంపెనీ తరఫున బిగించడానికి వచ్చినతనికి నలభై ఏళ్ళుంటాయి. నెమ్మదస్తుడు. మిషన్ వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చుని, పానాతో నాలుగు పొడుగాటి బోల్టులు విప్పి, ప్లాస్టిక్ సంచిలో వేసి నా చేతికిచ్చాడు. "ఇవి జాగ్రత్తగా దాచుకోండి సార్. మోసుకెళ్ళేటప్పుడు లోపలి డ్రమ్ము ఊగకుండా పెడతారు. ఇవి ఉండగా తిప్పారంటే మిషన్ ముక్కలైపోతుందండీ" అన్నాడు. నాకు తెలుసు అనబోయి ఊరుకున్నాను. ఆ నాలుగు బోల్టుల సంగతి ఏలూరు మొత్తంమీద నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

నా ఈడు వాళ్ళయితే తిట్టుకుంటూనైనా చివరిదాకా చదువుతారని ఇది రాస్తున్నాను. నేను క్రైస్తవ మిషన్ హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. బెత్తం పట్టిన పాపాన పోలేదు. పిల్లవాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి, లెక్క ఇచ్చి, వాడి వీపు వెనక చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి, అంతే. వాడు రెండో మెట్టులోనే తప్పు చేస్తే నాకు అక్కడే తెలిసిపోయేది, అయినా చెప్పేవాణ్ణి కాదు. ఆ తప్పు మీద ఇంకో ఆరు మెట్లు కట్టుకుంటూ పోనిచ్చి, చెమటలు పట్టి వాడు వెనక్కి తిరిగి చూసినప్పుడు, క్లాసంతా నవ్వడానికి సిద్ధంగా ఉన్నప్పుడు, అప్పుడు నేను వెళ్ళి ఆ రెండో మెట్టు మీద సుద్దముక్కతో సున్నా చుట్టేవాణ్ణి. తప్పు చేసి నేర్చుకున్నదే నిలుస్తుందని పేరెంట్ల మీటింగుల్లో చెప్పేవాణ్ణి, వాళ్ళు తలలూపేవారు. నిజం చెప్పాలంటే, జవాబు నాకు తెలిసి ఎదుటివాడికి తెలియని ఆ నాలుగు నిమిషాలంటే నాకు చచ్చేంత ఇష్టం. ఆ రుచి మరిగినవాడికి ఇంకే రుచీ ఆనదు.

అలా బోర్డు ముందు నిలబడ్డవాళ్ళలో మా బావమరిది ఒకడు. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. కొల్లేటి లంకలో వాళ్ళ ఊరు. అక్కడ హైస్కూలు లేక పదో తరగతికి మా ఇంట్లో ఉండి, నా క్లాసులోనే కూర్చుని, నా సబ్జెక్టులోనే తప్పాడు. బావగారి ఇంట్లో ఉండి లెక్కల్లో తప్పాడన్న మాట స్టాఫు రూములో రెండేళ్ళు తిరిగింది, దానికి నేను వాణ్ణెప్పుడూ క్షమించలేదు. వాడు మాత్రం నన్ను ఏమీ అనుకోలేదు. ఊరికి తిరిగిపోయి చేపల చెరువుల మీద ఇంజన్లు, మోటార్లు చూసే పని నేర్చుకున్నాడు. చెవి ఆనించి వింటే చాలు ఏ ఇంజనుకి ఏం జబ్బో చెబుతాడని కొల్లేటి చుట్టూ పేరు తెచ్చుకున్నాడు. పెదపాడు పిల్లని చేసుకున్నాడు. ఒక ఆడపిల్ల పుట్టింది.

ఆ పిల్ల నెలల బిడ్డగా ఉన్నప్పుడే సర్కారువాళ్ళు కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు సరస్సుగా ఉండాలన్నారు, నిజమే కావచ్చు, పెద్దవాళ్ళ సంగతులు నాకు తెలియవు. చెరువులు పోయాక వాటి మీద ఇంజన్లు పోయాయి, ఇంజన్ల మీద బతికేవాడు ఒక రేకు పెట్టె పట్టుకుని ఏలూరులో మా గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్ళ మామగారు బిడ్డతో సహా కూతుర్ని పెదపాడులో తన ఇంట్లోనే ఉంచేసుకుని, నెలజీతం ఉద్యోగమూ, తల దాచుకోను ఒక గదీ చూసుకున్నాకే పంపిస్తానన్నాడు. ఆయన మాటలోనూ తప్పు పట్టడానికి లేదు.

వాడు మా ఇంట్లో ఊరికే కూర్చోలేదు, అదే నాకు ఒళ్ళుమంట. వచ్చిన వారంలో ఫ్యాన్లన్నీ చప్పుడు మానేశాయి, మిక్సీ కొత్తదానిలా తిరిగింది, ఎన్నాళ్ళనుంచో కారుతున్న కుళాయి ఆగింది. వీధి వీధంతా "మాస్టారూ, మీ బావమరిది చేతిలో ఏదో ఉందండీ" అనడం మొదలెట్టారు. ఫ్యూజు పోతే పక్కింటివాళ్ళని పిలిచే నాకు ఆ మాట ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అన్నింటికన్నా, వంటింట్లో అక్కాతమ్ముళ్ళిద్దరూ ఏదో చెప్పుకుని పగలబడి నవ్వుతుంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నా మాటకి అలా ఎప్పుడు నవ్విందా అని లెక్క వేసుకునేవాణ్ణి.

అప్పుడొచ్చింది ఆ పాత మిషన్. పక్క వీధిలో ఉండే ఒక బ్యాంకు మేనేజరుగారికి బదిలీ అయింది. మిషన్ కూడా తీసుకెళ్దామని వెనక బోల్టులు బిగించి సిద్ధం చేసుకున్నాక, కొత్త ఊళ్ళో క్వార్టర్సులో చోటు లేదని తెలిసి, మాస్టారూ మీరు తీసుకోండి అన్నారు. నీళ్ళు బయటికి పోవడం లేదనీ, రబ్బరు చిరిగిందనీ దాచకుండా చెప్పారు. నేను తీసుకుంటానన్నాక, సామాన్ల మధ్య నిలబడే ఒక చీటీ మీద రాసిచ్చారు: వెనకవైపు నాలుగు బోల్టులు తీసేశాకే మిషన్ నడపాలి, లేకపోతే డ్రమ్ము విరిగిపోతుంది. తెలుగులో, గుండ్రటి అక్షరాలతో. ఆ చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

చెప్పే ఉద్దేశంతోనే ఇంటికొచ్చానని ప్రమాణం చేసి చెప్పగలను. రిక్షా మీంచి మిషన్ దింపి పెరటి వసారాలో పెట్టాక వాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, అరచేత్తో తట్టి, వాళ్ళక్క వైపు చూసి నవ్వుతూ, "ఇందులో ఏముందక్కా, మోటారు మోటారే" అన్నాడు. ఆ ధీమా నా చెవిలో పడింది. పదో తరగతిలో బోర్డు ముందు నిలబెట్టినప్పుడు ఇదే ధీమా ఉంటే బాగుండేదిగా అనుకున్నాను. చీటీ జేబులోనే ఉండిపోయింది.

తాడేపల్లిగూడెంలో ఫ్రిజ్జులూ టీవీలూ అమ్మే దుకాణం ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య, ఆ మధ్యే రిపేర్లకి మంచి మనిషి కావాలని వెతుకుతున్నాడు. ఈ ముందు తలుపు మిషన్లంటే మన ప్రాంతంలో ఎవరూ చెయ్యి పెట్టడం లేదట. మా ఆవిడ ఫోన్ చేసి అడిగితే, మీ తమ్ముడు ఆ మిషన్ని నా కళ్ళముందు నడిపించి చూపిస్తే ఒకటో తారీకు నుంచి పనిలో పెట్టుకుంటాననీ, దుకాణం వెనక గది కూడా ఇస్తాననీ అన్నాడు. నెలాఖరు ఆదివారం భోజనానికొచ్చి చూస్తానన్నాడు. అంటే ఉద్యోగం, గది, పెదపాడు నుంచి భార్యాబిడ్డలు, అన్నీ ఆ మిషన్ తిరగడం మీదే ఉన్నాయి. అది ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

వాడి పని చూస్తే ముచ్చటేసేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అడుగున చిన్న మూత తిప్పి, మురికినీళ్ళు పోయే దారిలోంచి జాకెట్టు హుక్కులు, ఒక రూపాయి బిళ్ళ, పిల్లల జడపిన్ను, ముద్దకట్టిన దారాలు లాగి పడేశాడు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు చిరుగుకి సైకిలు ట్యూబు ముక్క అతికించి, అంచులు చేతికి తగలనంత నునుపుగా గీకాడు. బోరు ఉప్పునీటికి వేడిచేసే కడ్డీ మీద వేలెడు మందాన సున్నం పట్టి ఉంటే, నిమ్మ ఉప్పులో నానబెట్టి తెల్లగా చేశాడు. మిషన్ నీళ్ళు పట్టింది, బట్టలు తిప్పింది, నీళ్ళు వదిలింది. ఇక బట్టలు పిండటానికి గిర్రున తిరగడం మొదలెట్టగానే రాక్షసిలా ఊగుతూ, అరుస్తూ, వసారా గోడ దగ్గర నుంచి బావి పళ్ళెం దాకా నడిచొచ్చింది. మా ఆవిడ కెవ్వుమని అరుగెక్కింది.

ఇక్కడే వాడు చేసిన తప్పు చెప్పాలి, అది కొల్లేటి మనిషి మాత్రమే చేసే తప్పు. చెరువు గట్టు మీద ఇంజను ఊగిందంటే బోల్టులు వదులయ్యాయని అర్థం, దానికి వైద్యం ఇంకాస్త బిగించడమే. వాడు వెనక్కి వెళ్ళి ఆ నాలుగు బోల్టులు చూశాడు. సంబరంగా పానా పెట్టి, పళ్ళు బిగపట్టి, తిరగనంతగా తిప్పి బిగించాడు. తియ్యాల్సినవాటిని బిగిస్తున్నాడు. నేను వాడి వీపు వెనక చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. రెండో మెట్టులోనే తప్పు! నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మళ్ళీ ఊగింది. వాషర్లు వేసి బిగించాడు. ఇంకా ఊగింది. అప్పుడు వాడు చాలాసేపు ఆలోచించి, తప్పు తనదేననీ, ఇంత మోటారుని దిమ్మ లేకుండా నేలమీద నిలబెట్టడమేమిటనీ అన్నాడు. నీళ్ళింజనుకి గట్టు మీద కట్టినట్టే ఇటుక, సిమెంటుతో మోకాలెత్తు దిమ్మ కట్టి, పాదాలు బిగించడానికి అందులో ఇనప కడ్డీలు పాతాడు. తాపీ పెట్టి, నీళ్ళగొట్టంతో మట్టం చూసి, పైభాగం అద్దంలా నునుపు చేశాడు. గోనెపట్టాలు కప్పి పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తూ వారం రోజులు ఆరనిచ్చాడు. ఆ వారమంతా నేను రోజూ దాని పక్కనుంచే పళ్ళు తోముకోవడానికి బావి దగ్గరికి వెళ్ళాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, ఆ పిల్లి వారం రోజులు తీరుబడిగా ఆడుకుంది.

ఒకరోజు పొద్దున్న, గోనెపట్టాల మీద చెంబుతో నీళ్ళు పోస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు: "బావగారూ, ఆ మేనేజరుగారు దీని గురించి ఏమైనా చెప్పారా అండీ? ఎక్కడో ఏదో నాకు అందట్లేదనిపిస్తందండీ."

పేపరు మడిచి వాడి వైపు చూశాను. చీటీ ఇంట్లో నా లెక్కల పుస్తకంలో ఉంది, పది అడుగుల దూరం కూడా లేదు. "ఏం చెబుతాడోయ్, మోటారు మోటారేగా?" అన్నాను. వాడు నవ్వాడు. తన మాటే తనకి అప్పజెప్పానని, బావగారు సరదా చేశారని మనసారా నవ్వాడు.

నా పథకం మీకు చెప్పకపోతే ఇది రాసి ప్రయోజనం లేదు. ఆదివారం అన్నయ్య ముందు మిషన్ ఊగుతుంది, వాడు వెనక్కి తిరిగి చూస్తాడు, అప్పుడు నేను లేచి జేబులోంచి చీటీ తీసి, పానా అందుకుని నాలుగు బోల్టులు విప్పి, సుద్దముక్కతో సున్నా చుట్టినట్టు తప్పు చూపించి మిషన్ నడిపిస్తాను. వాడికి ఉద్యోగమూ వస్తుంది, ఎవరివల్ల వచ్చిందో కూడా అందరికీ తెలుస్తుంది. అందుకే ఆదివారం చర్చికి వేసుకున్న తెల్లచొక్కా జేబులో చీటీ పెట్టుకుని, ఆరాధన అంతసేపూ దాన్ని వేళ్ళతో తడుముకుంటూ కూర్చున్నాను. మా అపరాధాలు మన్నించమని అందరితో పాటు నేనూ గొంతు కలిపాను.

అన్నయ్య వచ్చాడు. కొర్రమీను పులుసుతో భోజనం అయ్యాక పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మిషన్ దిమ్మ మీద నాలుగు పాదాలూ కడ్డీలకి బిగించుకుని దర్జాగా నిలబడి ఉంది. వాడు కొత్త లుంగీ కట్టుకుని, తల దువ్వుకుని, దుప్పట్లు వేసి తలుపు మూశాడు. నీళ్ళు పట్టింది, తిప్పింది, నీళ్ళు వదిలింది. అన్నయ్య "పర్లేదే, చెయ్యి తిరిగినవాడివే" అనేసరికి మా ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆనందం పట్టలేనప్పుడు ఆవిడ అలా చేస్తుంది. సాయంత్రం బస్సుకి పెదపాడు వస్తానని వాడు అప్పటికే భార్యకి ఫోన్ చేసి ఉన్నాడు.

అప్పుడు గిర్రున తిరగడం మొదలెట్టింది. ఊగడానికి ఈసారి దిమ్మ ఒప్పుకోలేదు, నడవడానికి కడ్డీలు ఒప్పుకోలేదు, ఆ ఊపంతా లోపలే తిరిగింది. నేను జేబులో చెయ్యి పెట్టి లేచేలోపే పెద్ద చప్పుడు. లోపల బరువు కోసం పెట్టే సిమెంటు పలక ఊడి తొట్టిని రెండుగా పగలగొట్టింది, డ్రమ్ము ఒక పక్కకి ఒరిగిపోయి రేకుని చీల్చింది. మిగిలిన నీళ్ళన్నీ వాడి పాదాల మీద పడ్డాయి. వాడు వెనక్కి తిరిగి చూశాడు. పదిహేనేళ్ళ కుర్రవాడు బోర్డు దగ్గర నుంచి ఎలా చూశాడో అలాగే చూశాడు.

నా చెయ్యి జేబులోనే ఉంది. ఇప్పుడు చీటీ తీస్తే ఏమవుతుందో నాకు అర్థమైంది. ఇంత తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకూరుకున్నావని అన్నయ్య అడుగుతాడు, మా ఆవిడ అడుగుతుంది. వట్టి చెయ్యి బయటికి తీసి, అదే చెయ్యి వాడి వైపు చూపించి, "చెరువు మీద ఇంజననుకున్నాడన్నయ్యా! నీ కొట్లో పెట్టుకుంటే ఫ్రిజ్జులకి కూడా దిమ్మలు కడతాడు" అన్నాను. అన్నయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర, ఇలాంటివాణ్ణి నలుగురి ఇళ్ళకీ ఎలా పంపమంటావు చెప్పు అన్నాడు. నేను నిజమే అన్నాను. వాడు వసారాలో కూర్చుని తడిసిన దుప్పట్లు ఒక్కొక్కటే చేత్తో పిండి తీగ మీద ఆరేశాడు. పెదపాడులో ఆ అమ్మాయి బిడ్డ బట్టలు సంచిలో సర్దుకుని ఆఖరి బస్సు పోయేదాకా అరుగు మీద కూర్చుందని తర్వాత తెలిసింది.

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. నేను సోమవారం మామూలుగానే బడికి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి వాడు రేకు పెట్టె పట్టుకుని పెదవేగి పోయాడు, పామాయిలు తోటల్లో గెలలు కోసే పనికి. అక్కడ మట్ట ముల్లు కుడిచేతి చూపుడువేలి కణుపులో దిగి, చీము పట్టి, చివరికి ఆ వేలు కొయ్యలా బిగిసిపోయింది. ఇక పానా పట్టడానికి ఆ చెయ్యి పనికిరాలేదు. భార్యాబిడ్డలు రెండేళ్ళకి వాడి దగ్గరికి చేరారు. కొత్తలో ఆ పిల్ల తండ్రిని చూసి ఏడ్చి తలుపు వెనక దాక్కునేదట.

ఆ సోమవారమే చీటీ చింపేద్దామని వెతికితే, నా తెల్లచొక్కా ఉతికి తీగ మీద ఆరేసి ఉంది, జేబు లోపలిది బయటికి లాగి ఉంది. నీళ్ళలో కరిగిపోయి ఉంటుంది, పీడ విరగడైంది అనుకున్నాను. పగిలిన మిషన్ని, దిమ్మలో పాతిన కడ్డీలు కూడా మట్టానికి కోయించి, మా ఆవిడ ఆ వారమే పాత ఇనుము వాడికి ఇచ్చేసింది. మళ్ళీ మిషన్ కొందామంటే వద్దంది. పద్ధెనిమిదేళ్ళు చేత్తోనే ఉతికింది. ఆ పద్ధెనిమిదేళ్ళూ తీగ మీద నా చొక్కాలన్నీ జేబు బయటికి లాగే ఆరాయి. అది ఆవిడ అలవాటనుకున్నాను. లెక్కల మాస్టారిని, నాకు అంతకుమించి తోచలేదు.

మొన్న మంగళవారం బిగించడానికి వచ్చినతను పెరట్లో చోటు చూసి, "ఈ దిమ్మ మీద పెట్టేద్దామండీ" అంటూ మట్టం బద్ద ఆనించాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. "భలే కట్టారండీ, వెంట్రుకవాసి తేడా లేదు. ఈ మిషన్లకి కావాల్సింది ఇదే. ఎవరు కట్టారండీ?"

"మా తమ్ముడండీ" అంది మా ఆవిడ. ఎప్పుడొచ్చిందో నా పక్కనే నిలబడి ఉంది. నా చేతిలోంచి బోల్టుల సంచి తీసుకుని, లోపలికి వెళ్ళి తన బైబిలు తెచ్చింది. జిప్పు లాగి, దాని వెనక అరలోంచి నాలుగు మడతల చీటీ ఒకటి తీసి అతనికి అందించింది. "ఇందులో రాసింది సరైందేనేమో కాస్త పైకి చదివి చెప్పండి బాబూ, నాకు కళ్ళజోడు లేదు" అంది. కళ్ళజోడు ఆవిడ మెడలోనే వేలాడుతోంది.

అతను పైకి చదివాడు. ఒక్కొక్క ముక్కా చదివాడు. "కరెక్టేనమ్మా. ఎవరో బాగా తెలిసినవాళ్ళే రాశారు. ఇది ముందే చూస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదండీ" అన్నాడు. ఆవిడ ఆ చీటీని బోల్టుల సంచిలో వేసి, మిషన్‌కి సరిగ్గా పైన ఉన్న మేకుకి తగిలించి, నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా బావమరిది ప్రతి క్రిస్మస్‌కీ వస్తాడు. బాగున్నారా అండీ బావగారూ అని ఎడమచేత్తో కేకు ముక్క తీసుకుంటాడు, తన దిమ్మ మీదే కూర్చుని తింటాడు. ఆవిడ వాడికి చెప్పిందో లేదో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఈ క్రిస్మస్‌కి ఆ దిమ్మ మీద మిషన్ ఉంటుంది, దాని పైన ఆ సంచి ఉంటుంది. వాడికి చదవడం వచ్చు. తప్పింది లెక్కలొక్కటే.

కాలం మారిందని మన ఈడు వాళ్ళం రోజూ నిట్టూరుస్తాం. ఇప్పుడు వస్తువుతో పాటే దాని సంగతి చెప్పే మనిషి కూడా ఇంటికొస్తున్నాడు, రాకపోతే సెల్‌ఫోన్‌లో వేలితో నొక్కితే ఎవరో ఒకరు చూపిస్తున్నారు. తెలిసినవాడు దయతలచి చెప్పేదాకా ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. మంచి మార్పే. ఆ ఏడాది మాత్రం మా పెరట్లో ఆ సంగతి చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. వాడు నన్నే అడిగాడు కూడా.